నిలబెట్టి చూడని బీపీ

స్వర్ణలత తన జీవితంలో చూడకుండా నింపిన ఫారం ఒక్కటే. దానికి ఆమెకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను ‘బీపీ అక్క’ అనేవాళ్లు. ఫార్మసీ డిప్లొమా చదివి, బస్టాండు దగ్గర ఒక మందుల షాపులో పదకొండేళ్లు పనిచేసింది. డాక్టరు రాసిన చీటీలో అక్షరం అర్థం కాకపోతే ఊహించి మందు ఇచ్చే మనిషి కాదు. ఫోన్ చేసి కనుక్కునేది. ఆ మాట విని కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఆమెను తమ పరిశోధన విభాగంలోకి తీసుకున్నారు.

రక్తపోటుకు కొత్తగా తయారైన ఒక మాత్రను అక్కడ పరీక్షిస్తున్నారు. చేరినవాళ్లలో సగంమందికి ఆ మాత్ర ఇస్తారు. మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే మందులేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పోతోందో మింగేవాళ్లకూ తెలియదు, ఇచ్చే స్వర్ణలతకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. పాత బీపీ మాత్రలు మాత్రం అందరూ ఎప్పటిలాగే వేసుకోవాలి. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి, మనిషిని కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాలాగి మరోసారి బీపీ చూసి, ఫారంలోని ప్రశ్నలన్నీ అడగటం స్వర్ణలత పని. అలాంటివాళ్లు ఆమె కింద అరవై ఒక్కమంది ఉండేవారు.

వాళ్లలో పెద్దసుబ్బయ్య ఒకరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కోయిలకుంట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఒక పల్లెలో, భార్య అనసూయమ్మతో కలిసి చిల్లర అంగడి నడుపుతాడు. మిగతావాళ్లు సమ్మతి పత్రం మీద అప్పటికప్పుడు సంతకం పెడితే ఆయన మూడు రోజులు తీసుకున్నాడు. మూడో రోజు స్వర్ణలత వెళ్లేసరికి అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆఖరి పేజీ చదువుతున్నాడు.

“ఏమన్నా తేడా వస్తే డాక్టరుకు చెప్పాలని రాసినారు. నేను యాడ కర్నూలుకు పోయి చెప్పేదమ్మా?”

“నాకు చెప్పండి మామా. నేను రాస్తే కర్నూలుకు చేరినట్టే.”

“అట్లయితే పెడ్తా సంతకం. నిన్ను చూసి పెడ్తాండా, ఈ కాయితాన్ని చూసి గాదు.”

రెండేళ్లు ఆమె ఒక్క పర్యటన కూడా తప్పలేదు. వానాకాలం నల్లరేగడి బురదలో స్కూటీ ఇరుక్కుంటే, రోడ్డు పక్కన వదిలేసి బీపీ మిషను చంకలో పెట్టుకుని నడిచి వెళ్లింది.

ఆ మే నెలలో ఒక మంగళవారం పెద్దసుబ్బయ్య ఇంటికి వెళ్లాల్సి ఉంది. అదే రోజు కూతురు ఆరాధనకు నంద్యాలలో ఎంసెట్ పడింది. భర్త నరసింహ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలి రాలేనన్నాడు. బిడ్డను పరీక్షకు పంపి, కాలేజీ ప్రహరీ గోడ నీడలో మిగతా తల్లిదండ్రుల మధ్య కూర్చుంది స్వర్ణలత. మరుసటి రోజు వేరే ఊళ్లో ఏడు ఇళ్లున్నాయి. ఈ పర్యటన దాటిపోతే కారణం రాసి పంపాలి. ఫోన్ చేసింది.

“మామా, ఎట్లుండారు?”

“బాగుండాం. కొంచెం తల తిరుగుతాంది రెండు మూడు దినాల్నుంచి. పైకి లేస్తే కండ్లకు చీకట్లొస్తాండాయి. వస్తాండావు గదా, ఇంకోటి గూడా అడగాల్ల నిన్ను.”

“ఈ ఎండకు అందరికీ అట్లే ఉండాది మామా. మజ్జిగ బాగా తాగండి. ఈ పొద్దు మా పాపకు పరీక్ష, నాకు వీలు గాలేదు. పైవారం వస్తా.”

“సరేలేమ్మా. బిడ్డ పరీక్ష గదా, చూసుకో.”

ఫోన్ పెట్టేసి సంచిలోంచి ఫారం తీసింది. పోయినసారి అంకెలు చూసి, వాటిని కొద్దిగా మార్చి వేసింది. కూర్చున్నప్పుడు నూట ముప్పై ఆరు, నిలబడ్డప్పుడు నూట ముప్పై రెండు. తల తిరగడం ఉందా? లేదు. కొత్తగా వేరే మందులేమైనా వాడుతున్నారా? లేదు. కింద సంతకం పెట్టింది. వచ్చే వారం ఎలాగూ వెళ్తాను, అప్పుడు సరిగ్గా చూసి రాస్తాను అనుకుంది. తల తిరుగుడు సంగతి రాస్తే వెంటనే కర్నూలు నుంచి ఫోన్ వస్తుంది, నువ్వెళ్లి చూశావా అని అడుగుతారు. ఆ రోజు ఆ ఫోన్ రాకూడదనుకుంది, అంతే.

ఆరో రోజు పొద్దున పెద్దసుబ్బయ్య అంగట్లో పీట మీద నుంచి లేచి, పప్పు డబ్బా అందుకోబోయి వెనక్కి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సులో కర్నూలు తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు.

పరిశోధనలో ఉన్న మనిషి పడిపోతే కారణం రాయాలి. ఆ పని చూసే డాక్టర్ లక్ష్మీప్రియ స్వర్ణలతకు ఫోన్ చేసింది.

“నీ ఫారం నా ముందే ఉంది. నిలబడ్డప్పుడు కూడా బీపీ బాగానే ఉంది, తల తిరగడం లేదని ఉంది. అంటే మాత్ర వల్ల కాదు. కాలు జారి పడ్డారని రాస్తున్నా. అంతే కదా?”

“అంతే మేడం,” అంది స్వర్ణలత.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లింది. అనసూయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకుపోయి, పక్క మంచం వాళ్లకు చూపించింది. “రెండేండ్లుగా మా ఇంటికి వస్తాది. కన్నబిడ్డ గూడా ఇంత చూసుకోదు.” స్వర్ణలత తల వంచుకుని తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టింది.

పెద్దసుబ్బయ్య ముఖం వాడిపోయి ఉంది. ఆమెను చూసి కొంచెం నవ్వాడు. “ఆ పొద్దు ఫోన్లో చెప్తి గదమ్మా, తల తిరుగుతాందని. రాసినావా?”

“రాసినా మామా.”

“అదే అనుకున్యా. ఆ మాత్రకు ఇట్లాంటి గుణముంటే ఇంకొకరికి గాకుండా చూసుకుంటారులే.”

ఫారం మీద రాసిన అబద్ధం కన్నా, మంచం పక్కన నిలబడి చెప్పిన ఈ అబద్ధం ఆమెను ఎక్కువ తినేసింది. ఫారం నింపినప్పుడు ఆయన ముఖం ఎదురుగా లేదు. ఇప్పుడు ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది.

ఆ తర్వాత మిగతా అరవై ఇళ్లలో ఆమె బీపీ రెండేసి సార్లు చూసింది. ఏమీ లేదన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడిగింది. హంపమ్మ అనే కూలి మనిషి విసుక్కుంది కూడా. “ఏమైందమ్మా నీకు? లేదంటే లేదనే గదా.”

ఆదివారం ఇంటికొచ్చిన నరసింహకు సంగతంతా చెప్పింది. “నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు. పిల్ల కాలేజీలో చేరే టైము. ఆలోచించుకో,” అన్నాడు.

ఎవరికీ తెలియదన్న మాట నిజమే. కానీ అదే మాత్రను మూడు జిల్లాల్లో వందలమంది మింగుతున్నారు. వాళ్లలో ఎవరికైనా లేవగానే కళ్లు చీకట్లు కమ్ముతుంటే, అది మాత్ర వల్లేనేమోనని డాక్టర్లు అనుమానించడానికి పెద్దసుబ్బయ్య చెప్పిన మాట ఒకటి దారి చూపేది. ఆ మాటను తాను తుడిచేసింది. మంగళవారం తెల్లారి కర్నూలు బస్సెక్కింది.

లక్ష్మీప్రియ గదిలో నిలబడే మొత్తం చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. పెన్ను మూత పెట్టి, “ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?” అని అడిగింది.

“ఇదొక్కటే మేడం.”

“నేను నమ్ముతున్నా అనుకో. పరిశోధనను పర్యవేక్షించే కమిటీ ఎట్లా నమ్ముతుంది?”

అదే రోజు స్వర్ణలతను పనిలోంచి ఆపేశారు. పెద్దసుబ్బయ్యకు ఏ మాత్ర పోయిందో చెప్పే రహస్య కోడ్ తెరిచి చూశారు. నాలుగు రోజులకు లక్ష్మీప్రియే ఫోన్ చేసింది. “ఆయనకు వెళ్లింది మందులేని మాత్ర. పడిపోవడానికి మన మందు కారణం కాదు. నీకు తెలియాలని చేశా.”

ఆ మాటతో స్వర్ణలత గుండెల మీది బరువు దిగుతుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. దిగలేదు. మందు కాకపోతే మరి తల ఎందుకు తిరిగింది?

ఆ ప్రశ్నతోనే, నిజం చెప్పడానికి, పల్లెకు వెళ్లింది. పెద్దసుబ్బయ్య అప్పటికి ఇంటికొచ్చి వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. ఆమె ఏమీ చెప్పకముందే అలవాటు కొద్దీ కిటికీలో ఉన్న మాత్రల మీదికి చూపు పోయింది. వాటిలో ఆ ఇంట్లో తాను ఎన్నడూ చూడని షీటు ఒకటి ఉంది. షాపులో పదకొండేళ్లు చూసిన మందే. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చేది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు కొత్తగా మొదలుపెడితే, లేచి నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే పడుకోబోయే ముందు వేసుకోమంటారు.

“ఇది ఎప్పట్నుంచి వాడుతాండారు మామా?”

“నేను పడకముందు, పది దినాలై ఉంటాది. పొద్దున బీపీ మాత్రతో కలిపి వేసుకుంటాంటి. నువ్వు ఆ మంగళవారం వస్తావు గదా, రెండూ ఒకేసారి వేసుకోవచ్చునా అని అడుగుదామనుకుంటి. ఇంకోటి అడగాల్లని చెప్పింది అదే.”

స్వర్ణలత గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. వెళ్లి ఉంటే, నిలబెట్టి బీపీ చూసి ఉంటే, ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. డాక్టరుకు ఫోన్ చేసి ఆ పూటే సరిచేయించి ఉండేది. ఆ పని తనకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

అన్నీ చెప్పింది. నంద్యాల గోడ నీడ, మార్చి వేసిన అంకెలు, లేదు లేదు అని రాసిన రెండు జవాబులు. ఏడవకుండా చెప్పాలనుకుంది, ఏడవకుండానే చెప్పింది.

పెద్దసుబ్బయ్య వాకర్ మీద రెండు చేతులూ ఆనించి ఆమె వైపు తిరిగాడు.

“రాలేకపోయినావు. బిడ్డ పరీక్ష, అది నాకు తెలుసు. నేనే చూసుకోమంటి.” ఆగి మళ్లీ అన్నాడు. “ఆస్పత్రిలో అడిగితి గదా, రాసినావా అని. రాసినా అంటివే.”

“అంటి మామా.”

“ఇంక పో అమ్మా.”

అనసూయమ్మ వాకిలి దాకా వచ్చింది. ఆమె తలుపు దగ్గరకు వేసిన చప్పుడు స్వర్ణలత స్కూటీ స్టార్ట్ చేస్తూ విన్నది.

కమిటీ రెండు నెలలు విచారించింది. కొత్తవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆమె రాసినవన్నీ సరిచూశారు. మరో తప్పు దొరకలేదు. అయినా స్వర్ణలత చేతి మీదుగా వచ్చిన అరవై ఒక్కమంది వివరాలనూ లెక్కలోంచి తీసేశారు. అది న్యాయమేనని ఆమెకు తెలుసు. కానీ ఒకరోజు సంతలో హంపమ్మ ఎదురుపడింది. “రెండేండ్లు మింగితిమి గదమ్మా. ఎండలో పని వదిలిపెట్టి నీకోసం కూసుంటిమి. మావి పనికిరావంటనే?” అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. స్వర్ణలత సంచి కింద పెట్టి, తప్పు తనదని, వాళ్లది కాదని, అక్కడే నిలబడి మొదటి నుంచీ చెప్పింది. ఆ తర్వాత మిగతావాళ్ల ఇళ్లకు తానే వెళ్లి చెప్పింది. కొందరు తిట్టారు. ఒకరిద్దరు, పోనీలేమ్మా, అన్నారు. పోనీలే అన్నవాళ్ల దగ్గర నిలబడటం ఆమెకు ఇంకా కష్టమైంది.

ఇప్పుడు మళ్లీ కోయిలకుంట్లలోనే ఒక మందుల షాపులో పనిచేస్తోంది. ఎవరు ఏ మందుకు వచ్చినా, ఇంకేం మాత్రలు వాడుతాండారు అని అడుగుతుంది. బస్సుకు టైమవుతోందని విసుక్కునేవాళ్లున్నారు. పక్క షాపుకు పోయేవాళ్లున్నారు. ఓనరు ఇది మానుకోమని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆమె మానలేదు.

మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అనసూయమ్మ షాపుకొచ్చింది. ఏడు నెలల తర్వాత అదే రావడం. కొంగు ముడి విప్పి నాలుగు షీట్లు, మడిచిన చీటీ ఒకటి కౌంటరు మీద పెట్టింది.

“కొత్త డాక్టరు రాసినాడు. పాతవాటితో కలుస్తాయో లేదో చూడు. నేనొచ్చినట్టు మీ మామకు తెలీదు.”

స్వర్ణలత షీట్లన్నీ తిప్పి చూసింది. చీటీ చదివింది. “అన్నీ కలుస్తాయి అత్తా. ఇదొక్కటి మాత్రం అన్నం తిన్నాక వేసుకోవాల్ల.”

అనసూయమ్మ వాటిని వెంటనే తీసుకోలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ, “చూసే చెప్తాండావు గదా?” అంది.

స్వర్ణలత కౌంటరు మీది షీట్లను మళ్లీ వరుసగా పేర్చి, మొదటి దాని పేరు పైకి చదివింది. అనసూయమ్మ కౌంటరు మీదికి వంగి, ఒక్కో పేరు మీదా వేలు పెట్టి వింటూ నిలబడింది.