మా నాయన కాలు బెణకలేదు

నా చిన్నప్పుడు కోదాడలో జరిగిన ఒక సంగతిని ఏడాదిగా చెప్పాలని చూస్తున్నాను. నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు చాయ్ తాగమంటారు, ఎండ ముదిరిందంటారు, లేదా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోతారు. పోయిన ఏడు సూర్యాపేటలో మా నాయన జ్ఞాపకార్థం కబడ్డీ పోటీలు పెట్టిననాడు నా చేతిలోంచి మైకు కూడా గుంజుకున్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది చివ్వెంల దగ్గర ఊరు. గొర్లు, బర్లు, కొంచెం పొలం. మా నాయనకు కబడ్డీ అంటే ప్రాణం, ఇల్లన్నా ప్రాణమే. మిగతా ఆటగాళ్ళు ఇంట్లో అబద్ధం చెప్పి ఆటకు వచ్చేవారు. మా నాయన ఇంటినే ఆటకు తెచ్చేవాడు. మిర్యాలగూడలో పోటీలంటే గొర్లను పాలివాళ్ళకు అప్పజెప్పి, మిల్లుకు వడ్లు తోలే లారీ మీద అమ్మను, చెల్లెను, నన్ను ఎక్కించుకుని పోయేవాడు. దిగగానే ఆయన చేసే మొదటి పని, సున్నపు గీతకు బెత్తెడు దూరంలో మా గొర్ల బొచ్చుతో నేయించిన గొంగడి పరిచి అమ్మను కూర్చోబెట్టడం. మా ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. గొంగడి పరిచి ఒకరిని కూర్చోబెడితే, వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా లెమ్మని అనకూడదు.

అమ్మ అక్కడ ఊరికే కూర్చునేది కాదు. మా నాయన కూత పెడుతూ అవతలి జట్టులోకి పోతే, ఆయన ఊపిరి ఎంత మిగిలిందో ఆమె చెవికి తెలిసేది. కూత సన్నబడిందంటే చాలు, "ఇగ రా!" అని కేకవేసేది. ఆయన వెనక్కి తిరిగేవాడు. జట్టువాళ్ళకు అదొక నవ్వులాట.

"ఏందన్నా, వదిన పిలిస్తెనే ఇంటికొస్తవా?"

"నీకు పిలిచేటోళ్లు లేరని కడుపుమంటనారా?" అనేవాడు మా నాయన.

అట్లా అడిగేవాళ్ళలో ముందుండేది మా జట్టు కెప్టెన్. నాకు చిన్నాయన వరస. ఆయన గురించి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

కోదాడ ఫైనల్ నాడు జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. మా నాయన ఎప్పటిలాగే గొంగడి పరిచాడు. అమ్మ ఒళ్ళో చెల్లె, పక్కన నేను. ఆట మొదలుపెట్టబోతుండగా కమిటీ పెద్దమనిషి ఒకాయన తెల్లచొక్కా నలగకుండా నడుచుకుంటూ వచ్చాడు.

"మగవాళ్ళు లాగులేసుకుని ఆడేచోట ఆడవాళ్ళేంటయ్యా? అవతల గోడ వెనక కూర్చోమను" అన్నాడు. అని ఊరుకోలేదు. చెప్పులకాలితో గొంగడి అంచును పక్కకు నెట్టాడు. అమ్మ లేవబోయింది.

మా నాయన ఆమెను చేత్తో ఆపాడు. "కూసో" అన్నాడు. తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగి, నెమ్మదిగానే, "గీమె గీడ కూసుంటెనే నేను ఆడుత" అన్నాడు.

"ఆడకపోతే పో! నీ ఒక్కడి కోసం ఫైనల్ ఆగుతుందా?"

చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. మా నాయన గడ్డం పట్టుకున్నాడు. "అన్నా, జర సమజ్ చేసుకో. ఊరు ఊరంతా వచ్చింది. వదిన గోడెనక కూసుంటే ఏమైతది? గంటసేపే గదా!"

"గంటసేపే అయితే ఆయననే పొమ్మను గోడెనకకు."

ఈల ఊదారు. మా నాయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కోపంతో వెళ్ళిపోలేదు. ఎవరినీ తిట్టలేదు. బనీను మీద చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, వచ్చి అమ్మ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వచ్చి లేపండి చూద్దాం అన్నట్టు కమిటీవాళ్ళ వైపు చూశాడు. ఎవరూ రాలేదు. ఆట నడిచినంతసేపూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

ఇంకొకటి చెప్పాలి, ఇది చిన్నాయనకు కూడా గుర్తుంటుంది. ఆయన కూతకు పోయి ఊపిరి అయిపోవస్తున్నా తెలియక లోపలికి చొచ్చుకుపోతుంటే, అమ్మ అలవాటుగా కేకవేసింది. ఆయన ఒక్క గంతులో వెనక్కి వచ్చిపడ్డాడు. అవతలివాళ్ళ చేతులు గాలిలోనే ఉండిపోయాయి. అయినా మేం ఓడిపోయాం.

తిరుగుదారిలో లారీలో మాతో ఒక్కరూ మాట్లాడలేదు. ఎవరు మొహం తిప్పుకున్నారో, ఎవరు "పెండ్లాం కొంగు పట్టుకున్నోడు" అని వినబడేటట్టు అన్నారో నాకు పేరుపేరునా గుర్తుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నేను లేచిపోతే అయిపోతుండె గదా" అంది.

"ఇయ్యాల గోడెనకకు పోతే, రేపు ఊర్లనే ఉండమంటరు" అన్నాడు మా నాయన. "ఓడితే ఓడినం. మల్ల ఆడుతం."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాడు. సూర్యాపేటలో, మిర్యాలగూడలో, అదే కోదాడలో కూడా. అమ్మ ప్రతిచోటా గీత పక్కనే కూర్చుంది. రెండేళ్ళు తిరగకముందే కోదాడలో ఇంకొంతమంది ఆడవాళ్ళు వచ్చి మా పక్కన కూర్చోవడం నేను చూశాను. వాళ్ళను ఎవరూ లేపలేదు.

పోయిన ఏడు మా నాయన పోయాడు. ఆయన పేరు మీద పోటీలు పెట్టారు, సంతోషమే. చిన్నాయన మైకు పట్టుకుని మా నాయన ఆటను ఆకాశానికెత్తాడు. చివరికి వచ్చేసరికి, "పాపం, కోదాడ ఫైనల్ నాడు అన్నకు కాలు బెణికింది, లేకుంటే కప్పు మనదే" అన్నాడు. జనం అయ్యో అన్నారు. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఎప్పుడు బెణికిందిరా?" అని అడిగింది. నేను లేచి మైకు తీసుకున్నాను. "అది అబద్ధం" అన్నంతవరకే వినబడింది. భోజనాలు చల్లారిపోతున్నాయని చెప్పి మైకు గుంజుకున్నారు.

వారం తర్వాత వేములపల్లిలో, కూతురింట్లో ఉంటున్న చిన్నాయన దగ్గరికి పోయాను. ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"సచ్చినోని గురించి నలుగురు మంచిగ అనుకోవాలె బిడ్డా. పెండ్లాం కోసం ఫైనల్ ఇడిసిపెట్టిండంటే నవ్వుతరు."

"అప్పుడు నవ్వినోళ్లల్ల నువ్వు లేవా చిన్నాయనా?"

ఆయన దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా నిద్రపోతున్నాడని చెప్తున్నారు. మా నాయన పేరు మీద పోటీలు పెట్టిన కమిటీ పిల్లలు ఫోన్ ఎత్తరు. ఊళ్ళో నన్ను లొల్లిగాడు అంటున్నారట. అననీ. నలుగురూ లెమ్మన్నప్పుడు లేవకుండా కూర్చోవడం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఈ వయసులో మోకాళ్ళు లేస్తే కూర్చోనివ్వవు, కూర్చుంటే లేవనివ్వవు కానీ, ఆ విద్య మాత్రం మరిచిపోలేదు.

మా నాయన బతుకులో నేను అన్నిటికంటే గొప్పగా చెప్పుకునే రోజు ఆయన ఆడని ఆ రోజు. దాన్ని దెబ్బ తగిలిన రోజుగా మారిస్తే ఆయనకు మిగిలేది జాలి. మా అమ్మకు మిగిలేది ఏమీ లేదు.

చిన్నాయనా, అమ్మకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. ఇంకా ఆలస్యం చేస్తే అసలే వినబడవు. ఈ ఏడు పోటీలకు నువ్వు మళ్ళీ మైకు పట్టుకుంటావట, నేను ఆమెను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతాను. అందరి ముందు గట్టిగా చెప్పు: ఆనాడు మా నాయన ఎందుకు ఆడలేదు?