మా తాత గుప్పిట, ఊళ్లన్నిటి పావురాలు

ఎమ్మిగనూరులో మా తాత మగ్గం తాడు లాగితే ఆదోనిలో కిటికీ రెక్కలు కొట్టుకునేవి. నమ్మకపోతే మీ ఇష్టం. అంతటి కుడి చేతిని, పంతొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం, పక్షవాతం పట్టుకుంది. వేళ్లు గుప్పిటగా బిగుసుకుపోయాయి. ఇంటిల్లిపాదీ వరస కట్టి లాగాం. ఇంకో ఇంచు లాగితే ఇంటి దూలం ఊడివచ్చేదేమో గానీ, ఆ గుప్పిట తెరుచుకోలేదు.

ఎడమ చేత్తో తినమంటే తాత మొహం తిప్పుకునేవాడు. మా అవ్వే జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టేది. ప్రతి ముక్కకీ ఆయన కళ్లు చెమర్చేవి. తన చేత్తో తాను తినాలి, అంతకు మించి కోరిక లేదు.

మూతి పక్కకు పోయి, మాట "బ్బా" ఒక్కటే మిగిలింది. దాని అర్థం అవ్వకు మాత్రమే తెలుసు. తెలుసని చెప్పిందీ అవ్వే.

"ఏమంటాండాడు మా?" అనేవాడు మా నాన్న.

"అత్తకు ఎదురు సెప్పొద్దని కోడలికి సెప్పమంటాండాడు."

పడిపోయిన చేతికి పావురం రక్తం పట్టిస్తే లేస్తుందని మా సీమలో గట్టి నమ్మకం. పలకరించను వచ్చినవాళ్లంతా పావురాలతోనే వచ్చారు. ఆదోని మేనత్త గంపెడు తెచ్చింది. ఆస్పరి బంధువు పావురం దొరక్క కోడిని తెచ్చి, "ఇదీ ఎగురుతాది లేప్పా" అని సర్దిచెప్పాడు.

నాన్న కత్తి నూరాడు. తాత "బ్బా" అన్నాడు.

"కొయ్యొద్దంటాండాడు!" అంది అవ్వ. ఇంట్లో కోడిని కోసే పూట పక్కింట్లో పోయి కూర్చునే మనిషి ఆమె.

ఇక ఇల్లు పావురాలదైంది, మేం బాడుగకున్నాం. చట్టి మూత తీస్తే పావురం, మా అమ్మ కొప్పు మీద పావురం. వచ్చినవాళ్లు నట్టింట్లో గొడుగేసుకుని కూర్చునేవాళ్లు.

మేత వేయడం తాత పని అని అవ్వ తీర్పు చెప్పింది. పొద్దున్నే వెచ్చని ఆముదం రాసి, వేలు వేలునూ బుజ్జగించి సాగదీసి, గుప్పిట సందుల్లో జొన్నగింజలు కూరేది. పావురాల్లో ఒక కుంటిది తహసీల్దారులా వచ్చి పొడిచి పొడిచి వసూలు చేసేది. దాని ముక్కుకు జడిసి ముందు చిటికెన వేలు లొంగింది. కొత్తజొన్నలు ఇంటికొచ్చేసరికి బొటనవేలూ దిగివచ్చింది.

ఆ రోజు అవ్వ రొట్టె పళ్లెం తాత ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. తాత కుడి చేత్తో ముక్క తుంచాడు. పావురాలతో సహా ఊపిరి బిగబట్టాం. ముక్క పైకి లేచింది, అవ్వ వైపు కొంచెం తిరిగింది, అవ్వ నోరు తెరిచింది. తాత దాన్ని కుంటి పావురానికి వేశాడు.

"బ్బా," అన్నాడు, నవ్వుతూ.

"ఏమంటాండాడు మా?"

అవ్వ నోరు మూసుకుని, కొంగు సర్దుకుంది. "ముందు నాకే పెట్టాలనుకున్న్యాడంట. సెయ్యి కొత్త కదా, ఆ పక్కకు పోయిందంట."

తాత రెండో ముక్క తుంచి తన నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. దానికి అర్థం చెప్పమని అవ్వను ఎవరూ అడగలేదు.