పసుపు బోర్డు, నల్ల ఫ్యాను, నీలకంఠప్ప తాడు

రాజ్యాలకు సరిహద్దులు గీసిన మహానుభావుల గురించి చరిత్ర పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. ఎమ్మిగనూరు నీలకంఠప్ప గీసిన సరిహద్దుల గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ మహానుభావులు జన్మకో సరిహద్దు గీసి, దాని కోసం యుద్ధాలు చేసి, అలిసిపోయారు. నీలకంఠప్ప రోజూ గీసేవాడు. సాయంత్రానికి చుట్టి సంచిలో పెట్టుకుని టీకి వచ్చేవాడు. ఇంతటివాణ్ణి చరిత్ర పట్టించుకోలేదు గనుక నేనే పూనుకోవలసి వచ్చింది.

విషయం చిన్నది. ఏ వస్తువును చూసినా దాని చుట్టూ తాడు కట్టాలనిపించడం ఆయన స్వభావం.

తాడు కట్టడం ఆయన ఉద్యోగం కూడా. పత్తికొండ చుట్టుపక్కల మెట్టపొలాల గుండా మంచినీళ్ల పైపులైను వేసే కంపెనీలో ఇద్దరం పనిచేశాం. ఇనుప గొట్టాలు అతికించినచోట వెల్డింగు లోపల పగులుందో లేదో కంటికి కనబడదు. విరిగిన ఎముకకు తీసినట్టు అతుకుకూ ఫోటో తీయాలి. అందుకోసం సీసపు పెట్టెలో నిద్రపోయే, లేస్తే కిరణాలు చిమ్మే ఒక మాత్ర ఉంది. పరిమాణంలో మిరియపు గింజ, కోపంలో దుర్వాసుడు. దాన్ని నిద్రలేపే ముందు చుట్టూ చాలా దూరం దాకా తాడు కట్టి, రేడియేషన్ బోర్డులు నిలబెట్టి, ఎర్రజెండాలు పాతి, లోపల మనిషి గానీ మేక గానీ లేకుండా చూడాలి. ఫోటో తీసేది మేము. తీయనిచ్చేది నీలకంఠప్ప.

నేతగాళ్ల ఇంట పుట్టినవాడు కావడం వల్ల, మగ్గం మీద పడుగు సరిచూసినట్టు ఆ తాడును వేలితో మీటి, చెవి ఒగ్గి, తృప్తి కలగకపోతే విప్పి మళ్లీ కట్టేవాడు. ఇంట్లో మగ్గం మూలపడి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ సంసారాన్ని నడిపేది ఈ తాడే.

పని అయ్యాక చెయ్యి ఆగకపోవడమే చిక్కు. ఒకరోజు పత్తికొండలో బొజ్జన్న హోటలుకు ఉగ్గాని, బజ్జీ తినడానికి వెళ్లాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి నూనె బాణలి చుట్టూ తాడు కట్టి ఉంది. తాడుకు ఇవతల బొజ్జన్న జల్లిగరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, నా హోటల్లో నేనే బయట ఉండానే?"

"నూనె కాగుతాండాది. సల్లారేదాకా ఎవురూ లోపలికి పోగూడదు."

"మరి బజ్జీ ఎవురేస్తారు?"

"సల్లారినాక నువ్వే ఎయ్యి."

"సల్లారిన నూనెలో బజ్జీ ఎట్ల ఏగుతాదప్పా?"

నీలకంఠప్ప ఆలోచనలో పడ్డాడు. ప్రశ్న న్యాయమైనదే. కానీ తాడు అప్పటికే కట్టేశాడు. ఆ పూట ఉత్త ఉగ్గాని తిన్నాం.

ఇంట్లోనూ ఇదే పరిపాలన. కుక్కరు విజిలెయ్యగానే వంటింటి గుమ్మానికి తాడు పడేది. లోపల ఆయన భార్య ఉరుకుందమ్మ ఉండేది.

"ఓయబ్బా, నన్ను లోపలేసి కట్టినావు గదా!"

"నువ్వు స్టాఫ్. స్టాఫ్ లోపలుండొచ్చు."

"స్టాఫ్‌కు సెలవుండదా?"

"ఉంటాది. కుక్కరు దించినాక."

ఇక బోర్డు సంగతి. పసుపు రంగు రేకు మీద నల్లగా మూడు రెక్కలు. అపాయం, దూరంగా ఉండండి అని దాని అర్థం. ఏ దేశం పోయినా ఇంతే. మా పత్తికొండ పొలాల్లో మాత్రం దాని అర్థం ఫ్యాను. నడివేసవిలో గొర్రెలు కాసే తిమ్మయ్య కండువాతో ముఖం తుడుచుకుంటూ తాడు దాకా వచ్చాడు.

"ఫ్యాను యాడుండాదప్పా?"

"ఫ్యాను లేదు. ఇది రేడియేషన్ బోర్డు."

"రేడియో అయితే పాటలేవీ?"

"రేడియో గాదు పెద్దాయనా, కిరణాలు. కంటికి కనపడవు, తగిలితే శానా సెడ్డది."

తిమ్మయ్య బోర్డునూ, చుట్టూ ఉన్న ఎండనూ మార్చి మార్చి చూశాడు. "కనపడకుండా తగిలేది గాలే గదప్పా. రెండు నిమిషాలు కూసోనిస్తే నీ సొమ్మేం పోతాది?"

అంతలో ఎన్నికలు వచ్చిపడ్డాయి. మా రాష్ట్రంలో ఒక పార్టీ గుర్తు ఫ్యాను. దాని ఎదుటి పార్టీ రంగు పసుపు. పసుపు మీద ఫ్యాను వేసిన బోర్డు ఎవరిదో అర్థంకాక ఊళ్లో పెద్దపెద్ద బుర్రలు వేడెక్కాయి. పొలంలో తాడు, జెండాలు, చేతిలో విజిలు పట్టుకున్న మనిషి కనిపిస్తే జనానికి తోచేది ఒక్కటే. మీటింగు. ఆడా మగా వచ్చి తాడు వెంబడి వరసగా కూర్చునేవాళ్లు.

"ఎవురు మాట్లాడతారప్పా?"

"ఎవురూ మాట్లాడరు. లేసి దూరం పోండి."

"మాట్లాడకపోతే మంచిదే. బిర్యానీ యాళకు ఇచ్చేయండి, మేమే పోతాం."

వాళ్లు కదిలేదాకా నీలకంఠప్ప మాత్రను లేపనిచ్చేవాడు కాదు. పనులు ఆలస్యమవుతుంటే మేనేజరు రాఘవేంద్రప్రసాద్ గారికి రక్తపోటు పెరిగేది. దానికి తోడు ఇంకో వింత. బోర్డులు తగ్గిపోతున్నాయి. తాళ్లూ తగ్గిపోతున్నాయి.

"బోర్డులేమయ్యాయి నీలకంఠప్పా?"

"గాలికి పోయినాయి సార్."

"ఇనుప బోర్డులు గాలికి పోయాయా?"

"శానా గాలి సార్ ఈడ."

ఆ వేళ ఆకు కదలడం లేదు. రాఘవేంద్రప్రసాద్ గారు కదలని ఆకుల వంక చూసి, "ఇంకొక్క బోర్డు పోయిందంటే నువ్వు ఎమ్మిగనూరు బస్సెక్కేయ్. మళ్లీ రావద్దు" అన్నారు. నీలకంఠప్ప తల ఊపాడు. ఆయన సంచి ఆ సాయంత్రం మళ్లీ పలచబడింది. నేను చూశాను, అడగలేదు.

కొన్నాళ్లకు జీపు వచ్చింది. అందులోంచి ఎన్నికల తనిఖీ అధికారి అరుణ్ కుమార్ దిగాడు. యువకుడు, చెమటతో తడిసి ఉన్నాడు, చేతిలో గుర్తులు కప్పడానికి పాత పేపర్లు, జిగురు టేపు.

"మీ బోర్డుల మీద ఫిర్యాదు వచ్చింది. రెండు పార్టీలూ ఇచ్చాయి" అన్నాడు. "పసుపుకు కేసు ఎవరి మీద పెట్టాలి, ఫ్యానుకు ఎవరి మీద పెట్టాలి, నాకు అర్థం కావడం లేదు. వీళ్లిద్దరికీ పొత్తు ఎప్పుడు కుదిరింది సార్?"

రేడియేషన్ గురించి నేను వివరించాను. ఆయనకు కొంత అర్థమైంది. "అయితే బోర్డులు మీ పైపులైను దగ్గర ఉండాలి గానీ, ఊరవతల సుబ్బక్క చేనులో ఒకటి ఎందుకుంది?" అన్నాడు.

రాఘవేంద్రప్రసాద్ గారు నెమ్మదిగా నీలకంఠప్ప వైపు తిరిగారు. నీలకంఠప్ప ఆకాశం వైపు చూశాడు, గాలి కోసం.

అందరం జీపులో వెళ్లాం. ఎండిన టమోటా చేను మధ్యలో మా బోర్డు ఉంది. చుట్టూ గుంజలకు మా తాడు. తాడుకు నీలకంఠప్ప ముడి. ఆ ముడి వేరే ఎవరికీ రాదు. బస్సు టికెట్టు చేతికొచ్చినట్టే అనుకున్నాను. నీలకంఠప్ప సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డాడు.

అరుణ్ కుమార్ బోర్డు పీకబోయాడు. గుడిసెలోంచి సుబ్బక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. చంకలో చంటి మనవరాలు.

"ఓ సామీ, దాన్ని ముట్టుకోవద్దు! లోపల బోరు బొక్క ఉండాది. నీళ్లు పళ్లేదని బోరేసినోళ్లు గొట్టాలు పీక్కొని, బొక్క అట్లే ఇడ్సిపెట్టి పోయినారు. మా శివాని ఇప్పుడిప్పుడే నడ్సడం నేర్చింది. కనపడినోళ్లకంతా చెప్పినా. ఈయప్ప ఒక్కడే వచ్చి తాడు కట్టినాడు."

తాడు మధ్యలో, నేల మీద, బిందె పట్టేంత బొక్క. అరుణ్ కుమార్ ఒక గులకరాయి తీసి అందులో వేశాడు. శబ్దం కోసం ఆగాం. ఇంకా ఆగాం. చివరికి ఎక్కడో లోతున చిన్నగా వినిపించింది. రాఘవేంద్రప్రసాద్ గారు తెలియకుండానే తాడు పట్టుకున్నారు.

"ఇక్కడ రేడియేషన్ ఉందా?" అధికారి అడిగాడు.

"లేదు సార్" అన్నాడు నీలకంఠప్ప.

"మరి రేడియేషన్ బోర్డు ఎందుకయ్యా?"

"ముందు అట్టముక్క మీద 'బోరు ఉండాది, జాగ్రత్త' అని రాసి పెట్టినా సార్. మర్నాటికి ఎవురో పొయ్యిలోకి పెట్టేసినారు. ఈ బోర్డు అట్ల గాదు. పసుపు చూసి వాళ్లు ముట్టుకోరు, ఫ్యాను చూసి వీళ్లు ముట్టుకోరు. ఎవురిదో తెలీదు, తెలీనిదాన్ని పీకేదానికి అందరికీ బయమే."

"నీకు పైపులైను పని ఉంది కదా, దీంతో నీకేం పని?" అన్నారు రాఘవేంద్రప్రసాద్ గారు.

"మన మాత్ర మంచిది సార్. పనైనాక పెట్టెలోకి పోతాది, తాళమేస్తాం. ఈ బొక్కకు తాళం యాడుండాది?"

అధికారి పరిస్థితి ఘోరంగా ఉంది. గుర్తును కప్పకపోతే కోడ్ ఉల్లంఘన. కప్పితే బోర్డు పొయ్యిలోకి పోతుంది. చివరికి ఆయన ఫ్యాను మీద పేపరు అంటించి, దాని మీద ఎర్ర పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాశాడు: 'ఎన్నికల తనిఖీ బృందం. ముట్టుకున్నవారిపై చర్య.' రాసి, వెనక్కి జరిగి చూసుకుని, జీపులోంచి తన ఎరుపు తెలుపు టేపు తెచ్చి తాడు పక్కనే ఇంకో వరస చుట్టాడు.

నీలకంఠప్ప దగ్గరికి వెళ్లి మీటి చూశాడు. "వదులుగా ఉండాది సార్" అన్నాడు. అధికారి విప్పి మళ్లీ కట్టాడు.

తిరుగుదారిలో రాఘవేంద్రప్రసాద్ గారు, "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగారు. "పైపులైను పొడుగునా ఉండాయి సార్" అన్నాడు నీలకంఠప్ప, బస్సు టికెట్టుకు సిద్ధపడిన గొంతుతో. మేనేజరు గారు జేబులోంచి ఫోను తీసి వెల్డింగువాళ్లను పిలిచారు. ఆ వారంలో వెల్డింగువాళ్లు తుక్కు ఇనుముతో మూతలు చేసి ఆ బొక్కలన్నిటినీ మూశారు. ప్రతి మూత అతుకుకూ ఎక్స్‌రే తీయాలని నీలకంఠప్ప పట్టుబట్టాడు. వద్దని ఒప్పించడానికి మేనేజరు గారు ఆయనకు కొత్త తాడు కొనివ్వాల్సి వచ్చింది.

మూతలు పడ్డాయి కనుక పాత తాళ్లు, బోర్డులు విప్పుకు రమ్మని ఆయన్ను పంపాను. సుబ్బక్క చేను నుంచి తప్ప అన్ని చోట్ల నుంచీ తెచ్చాడు. అక్కడ మాత్రం ఆమె తాడు ఇవ్వలేదు.

దాని మీద బట్టలు ఆరేస్తోంది.