గిర్నికి వచ్చిన లగ్గం పసుపు

మొన్న మా వీధి చివరింటి ఆవిడ, బడిలో వంటపని మానేశాక ఇంటి ముందు టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుంటూ సలహా కోసం నా దగ్గరికి వచ్చి, యాభై దాటాక సొంతంగా పిండి గిర్ని పెట్టినప్పుడు భయం కాలేదా అక్కా అని అడిగింది. కాలేదన్నాను. ధైర్యమనుకుని మెచ్చుకుంది గాని సంగతి అది కాదు. ఆ రోజుల్లో నాకు భయమే కాదు, ఆకలి కూడా తెలిసేది కాదు.

మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవారు. ఒకనాటి పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ ఒరిగిపోయారు, దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. కర్మలు ముగిశాక వర్ధన్నపేట నుంచి మా తమ్ముడు వచ్చి తనతో రమ్మన్నాడు. రానన్నాను, ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. మరి ఏం చేస్తావంటే, చిన్నప్పుడు మేనమామ గిర్నిలో ఆడుకున్న జ్ఞాపకంతో కాబోలు, గిర్ని పెడతానని నోటికొచ్చింది చెప్పాను. వాడు దాన్నే పట్టుకుని, మరిపెడలో మూతపడిన ఒక గిర్ని నుంచి పిండికొకటి, కారం పసుపులకొకటి యంత్రాలు తెచ్చి ముందుగదిలో బిగించి వెళ్ళాడు.

రాళ్ళ మధ్య సందు ఎంత ఉంచాలో, పిండి వేడెక్కితే ఏం చేయాలో చేతులు వాటంతటవే నేర్చుకున్నాయి. జొన్నలు వచ్చేవి, గోధుమలు వచ్చేవి, మిరపకాయలు వచ్చేవి. శుభకార్యానిది మాత్రం గింజ కూడా వచ్చేది కాదు. మన తరం వాళ్ళకు ఎందుకో చెప్పనక్కరలేదు. పొద్దున్నే పనుల మీద పోయేవాళ్ళు నా గడప కనబడగానే రోడ్డు అవతలికి మారేవారు. చూసేదాన్ని, కోపం రావాలి కదా అనుకునేదాన్ని, వచ్చేది కాదు.

రెండేళ్ళకు ఎదురింటి వదిన కూతురికి పెళ్ళి కుదిరింది. ముత్తయిదువలు రోట్లో నాలుగు పోట్లు వేసి, మిగిలిన పసుపు కొమ్ములను గిర్నికి పంపడం మా వైపు ఆనవాయితీ. అవి రెండు వీధుల అవతలి గిర్నికి పోతాయనుకున్నాను. కాని వదిన గంప పట్టుకుని నా గడపే ఎక్కింది, వెనకాలే వాళ్ళ అత్తగారు.

"లగ్గం పసుపు ఆమె చేతికిస్తవా? జర సోంచాయించు," అంటోంది ఆ పెద్దావిడ.

"ఏమైతదత్తమ్మా? నేను జరమొచ్చి పడుంటే మా పోరికి నెల దినాలు బువ్వ పెట్టింది గా చెయ్యే," అని వదిన గంప నా ముందుకు జరిపింది.

"వద్దు వదినా, రేపు ఏమన్న అయితే నన్నంటరు," అన్నాను.

"అంటే నన్నంటరు. నువ్వు పట్టు."

పట్టాను. గది నిండా పసుపు లేచి, రెండేళ్ళుగా పసుపు తగలని నా ముఖం మీద పడింది. వాళ్ళు వెళ్ళాక అద్దం ముందు నిలబడి, ఏడుస్తానేమోనని చాలాసేపు చూశాను. ఏడుపు రాలేదు, కడుక్కోవాలని కూడా అనిపించలేదు. ఆ పూట మాత్రం ఆకలై, కుండలో ఉన్న అన్నమంతా తినేశాను.

ఆ పిల్ల చల్లగా కాపురం చేసుకుంటోంది. తర్వాత చాలా ఏళ్ళు మా వీధి పెళ్ళిళ్ళ పసుపు నా దగ్గరికే వచ్చింది, మోకాళ్ళు అరిగేదాకా పట్టి గిర్ని మూశాను. ఇప్పుడు లగ్గానికైనా ప్యాకెట్లే కొంటున్నారు, అందులో ఎవరి చేయి పడిందో ఎవరూ అడగరు. అడగకపోవడం మంచిదే. అయితే ఎవరేమన్నా సరే నీ చేత్తోనే కావాలని గడప ఎక్కి వచ్చేవాళ్ళూ లేరు. ఆ రోజు వదినకు ఒక్క మంచిమాట చెప్పలేదు నేను. చెప్పాలన్న తెలివి వచ్చేసరికి ఆమె కాలం చేసింది, ఎదురిల్లు చేతులు మారింది.