దిద్దని పత్రం

మా న్యాయసలహా సంస్థలో ఒక పెద్ద వకీలు ఉండేవాడు; ఒక్క కామా తప్పినా వదలడని ఆయన్ని అందరూ కామాగారు అనేవారు. జూనియర్ రాసిన పత్రం ఆయన బల్ల మీదికి వెళ్లిందంటే ఎర్ర సిరాలో మునిగి తేలాల్సిందే. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. "ఇది పత్రమా, కుక్కలు చింపిన విస్తరా?" అనేవాడు. ఆ మాటలు పడలేక ఏడాదిలో ఇద్దరు వెళ్లిపోయారు. మూడో మనిషి కూడా పోతే జట్టును తీసేసుకుంటామని సంస్థ పెద్దాయన తెగేసి చెప్పాడు. పిల్లల్లేని కామాగారికి ఆ జట్టే సంసారం.

అప్పుడే నాయకత్వ పాఠాలు చెప్పడానికి సంస్థ పిలిపించిన కోచ్ దిగాడు. నాయకుడు జవాబులు చెప్పకూడదట, ప్రశ్నలు అడగాలట. దిద్దకూడదట, వాళ్లంతట వాళ్లే తెలుసుకునేలా చేయాలట. పత్రం మీద రాసినవాళ్ల పేరే ఉండాలట. మేమంతా తలలూపి, కాఫీ తాగి, మర్చిపోయాం. ఆయన మాత్రం మునిగిపోయేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇంట్లో కూడా సాధన చేశాడు.

"కూరలో ఉప్పు గురించి నీకేమనిపిస్తోంది?" అని భార్యను అడిగితే, "గరిట విసరాలనిపిస్తోంది" అందట ఆవిడ.

జట్టులో అందరికన్నా కొత్తామెకు ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉంది. ఈమె జీతమే ఇద్దరికీ ఆధారం. ఓ రోజు ఒక దుకాణందారు కోసం లీజు పత్రం రాసి తెచ్చింది. ఖాళీ చేయించాలంటే యజమాని ముందుగా నోటీసు ఇవ్వాలన్న షరతు అందులో లేదు. చూసీ చూడగానే కామాగారికి అది తెలిసిపోయింది. అద్దం గోడకు ఇవతల కూర్చున్న నాకు ఆయన చెయ్యి కలం దాకా వెళ్లి వెనక్కి రావడం కనిపించింది.

"ఇంకేమైనా మిగిలిందంటావా అమ్మా?"

"లేదు సార్."

"మరోసారి చూస్తావా?"

"రెండుసార్లు చూశాను సార్. బాగాలేదా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"బాగానే ఉందనుకుంటున్నాను సార్" అంటూ ఆమె ఆ గదిలోంచి మొదటిసారి నవ్వుతూ బయటికొచ్చింది.

ఆ నవ్వే కొంప ముంచింది. తిరిగి పిలిస్తే బుద్ధి మారలేదంటారని ఆయన భయం. పంపేముందు తనే పట్టుకుంటుందిలే అని ఆశ. ఆమె నేరుగా పంపేసింది, సంతకాలూ అయిపోయాయి.

కొన్నాళ్లకు యజమాని ఉన్నపళంగా దుకాణం ఖాళీ చేయమన్నాడు. దుకాణందారు మా ఆఫీసుకొచ్చి శాపనార్థాలు పెట్టాడు. పత్రం మీద ఉన్నది ఆమె పేరు కాబట్టి ఆమె ఉద్యోగం ఊడింది. "తప్పు నాదండీ, నన్ను తీసేయండి" అని కామాగారు పెద్దాయన కాళ్లావేళ్లా పడ్డాడు. "మీలో ఎంత మార్పొచ్చిందండీ! మీ జట్టు మీకే ఉంటుంది" అని పెద్దాయన భుజం తట్టి పంపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె సొరుగు ఖాళీ చేసుకుంటుంటే ఆయన వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"మీకు ఆ రోజే కనపడిందా సార్?"

"కనపడిందమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని..."

ఆమె సంచి భుజాన వేసుకుంది. "తిడితే ఏడ్చేదాన్ని సార్. ఏడ్చి దిద్దుకునేదాన్ని. ఇప్పుడు మా అమ్మకేం చెప్పను?"