ముందు నువ్వెవరో నువ్వే చెప్పు

మా డ్రిల్లు సారు పోయారు. మంగళవారం పొద్దున నేను పత్తి జిన్నింగు మిల్లులో పనికి దిగుతుండగా, మాతో కలిసి స్టేజీ ఎక్కే మగ్గం అన్న యెమ్మిగనూరు నుంచి ఫోన్ చేశాడు. "పాపా, సారు లేడు. టీ తాగుతా తాగుతానే వాలిపోయినాడంట" అన్నాడు. మిషన్ల మోతలో రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి కూడా అడిగితే అన్నకు ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి ఆదోని సర్కిల్లో ఫ్లెక్సీ లేచింది. నవ్వుల రారాజుకు అశ్రునివాళి అట. చుట్టూ ఊరి పెద్దల ఫొటోలు, సారు ఫొటో కంటే అవే పెద్దవి. మీలో చాలామంది చూసే ఉంటారు. సారు బతికుండగా ఆయన ఆటకు చోటిచ్చి లాక్కున్న మండపం సెక్రటరీ కూడా అందులో ఉన్నాడు, సరిగ్గా మధ్యలో, కూలింగ్ గ్లాసులతో. వాళ్ళ మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. తీయటి మాటలు కావాలనుకునేవాళ్ళు ఆ ఫ్లెక్సీ చదువుకోండి.

సారు బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు. ఒకసారి బెంగళూరులో తమ్ముడింటికి వెళ్ళి, అక్కడ ఒక కొత్త రకం నాటకం చూసొచ్చారు. దానికి రాసిపెట్టిన మాటలుండవు. చూసేవాళ్ళు 'బస్సు' అనో 'అత్త' అనో ఒక మాట అరుస్తారు. స్టేజీ మీదున్నవాళ్ళు ఆ మాట పట్టుకుని అప్పటికప్పుడు కథ అల్లి నవ్వించాలి. దానికి 'రాతలేని ఆట' అని సారే పేరు పెట్టారు. ఆదోని బజారులోని ఒక కల్యాణ మండపంలో ఆదివారం ఆదివారం ఆడేవాళ్ళం. మొత్తం ఐదుగురం. సారు, గుడ్డల అంగడి అన్న, ఆటో తోలే భాయ్, పోలియోతో ఒక కాలు చచ్చుబడిన మగ్గం అన్న, చిప్పగిరి వైపు కూలి ఇంట్లో పుట్టిన నేను. అన్ని రకాల మనుషులనూ ఒక్క స్టేజీ ఎక్కించానని సారు మురిసిపోయేవారు.

ఆటకు ఒకటే నియమం. ఎదుటివాళ్ళు ఏమన్నా కాదనకూడదు. "ఊ కొట్టు, దానికి ఇంగోటి తగిలించు" అనేవారు సారు. ఎవరైనా కాదంటే మెడలో వేలాడే విజిల్ తీసి వాళ్ళ చెవి దగ్గరే ఊదేవారు.

ఆ నియమంతోనే మా గొంతు కోశారు. గుడ్డల అంగడి అన్న స్టేజీ ఎక్కి, నేను కనబడగానే "ఏమే, కసువు ఊడ్సినావా?" అనేవాడు. కాదనకూడదు కదా, ఊడ్చేదాన్ని. బస్సు అన్నా ఊడ్చాను, అత్త అన్నా ఊడ్చాను. ఒకసారి ఎవరో చంద్రుడు అని అరిస్తే చంద్రుడి మీద కూడా ఊడ్చాను. మగ్గం అన్న ప్రతి ఆదివారం అడుక్కునేవాడే. ఆటో భాయ్ ప్రతి ఆదివారం బిర్యానీ వండేవాడే. చూడవచ్చిన మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. సారు కూడా నవ్వారు. ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకు చేతకాదు.

రెండు ఆదివారాలు నేను పోలేదు. మూడో వారం మధ్యాహ్నం అన్నం వేళకు సారు మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పొట్లంతో.

"యాల రాలేదు పాపా?" అన్నారు.

"పొరక పట్టుకోనీకి స్టేజీ ఎందుకు సార్? మా యమ్మ జన్మంతా అదే పట్టుకునింది. నీ ఆటలో గూడా నేను అదేనా? వాళ్ళు నవ్వితే నవ్వినారు, నువ్వు గూడా నవ్వినావు" అన్నాను. ఎప్పుడూ మీరు అనే నోరు ఆ కోపంలో నువ్వు అనేసింది.

ఆయన ఒక్క సాకు చెప్పలేదు. తిట్టిన ప్రతి తిట్టుకూ తలదించుకుని ఊ కొట్టారు. బెల్లు కొట్టాక "ఇంగేమన్నా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "అట్లయితే రేపొస్తా" అని వెళ్ళి, నిజంగానే వచ్చారు. అలా మూడు రోజులు. మూడో రోజుకి నా దగ్గర తిట్లు అయిపోయి ఉగ్గాని తిన్నాను. ఆయన బజ్జీలోని మిరప గింజలు ఒక్కొక్కటే ఏరి పారేస్తూ, వండినవాణ్ణి శపిస్తూ, మొత్తం తినేశారు. ఎప్పుడు బజ్జీ తిన్నా అదే తంతు.

ఆ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి కొత్త నియమం చెప్పారు. "ఇంగ మీద స్టేజీ ఎక్కినోళ్ళు ముందు తామెవరో తామే సెప్పాల. ఇంగొకడు సెప్పగూడదు. సెప్పినాక అందరూ ఊ కొట్టాల." నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట కూడా అన్నారు. "నీ మాట నువ్వు సెప్పినాక ఇంగ ఎదుటోడి వంతు. వాడు తెల్లముఖం యేసినా నువ్వు పోయి కాపాడగాకు. ఆగు."

ఆ రోజు జనం ఇచ్చిన మాట 'దుమ్ము'. నేను నడిచొచ్చి "నేను ఈ మిల్లు ఓనరమ్మను" అన్నాను. గుడ్డల అంగడి అన్న నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. సారు చెప్పినట్టే ఆగాను. అప్పుడు తల ముగ్గుబుట్టయిన సారు మూలనున్న చీపురు తీసుకుని నా ముందు వంగి, "అమ్మగారూ, యాడ ఊడ్సమంటారు?" అన్నారు. చేత్తో చూపించాను. ఊడ్చుకుంటూ స్టేజీ దిగి, ముందు వరసలో కూర్చున్న పెద్దలతో "అయ్యా, రోంత కాళ్ళు ఎత్తుకోండి" అన్నారు. ఎత్తుకున్నారు! వెనక కూర్చున్న మా మిల్లు ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నా బతుకులో అంత సుఖపడిన రోజు లేదు.

ఆట అయ్యాక సెక్రటరీ వచ్చాడు. "సారూ, మీరు పెద్దోళ్ళు. ఆ పిల్ల ముందర కసువు ఊడ్సేదేంది? మా ఆడోళ్ళు సూస్తాండారు" అన్నాడు.

"వారం వారం ఆ పిల్ల ఊడ్సేటప్పుడు గూడా సూసినారు గదప్పా" అన్నారు సారు.

తర్వాత ఎప్పుడడిగినా మండపంవాళ్ళు పెళ్ళిళ్ళున్నాయన్నారు. ముహూర్తాలే లేని ఆషాఢమంతా కూడా పెళ్ళిళ్ళేనట. గుడ్డల అంగడి అన్న మానేశాడు. మిగిలినవాళ్ళం యెమ్మిగనూరులో మగ్గం అన్న షెడ్డులో, మగ్గాల మధ్య ఆడుకున్నాం. అక్కడ మగ్గం అన్న కలెక్టరయ్యాడు. ఆటో భాయ్ పెళ్ళికూతురయ్యాడు. సారు ఆ వయసులో ప్రతి ఆదివారం ఆదోని నుంచి బస్సులో నిలబడి వచ్చేవారు.

మొన్న ఆదివారం సంతాపసభ పెట్టారు, అదే మండపంలో. ముందే వెళ్ళాను. సెక్రటరీ నన్ను చూసి, "వచ్చినావామ్మా? కుర్సీలు దుమ్ముగా ఉండాయి. రోంత తుడ్సు" అని చేతిలో గుడ్డ పెట్టాడు. సారు కోసం వచ్చిన రోజు గొడవెందుకని ఒక వరస తుడిచాను. ఆ ఒక్క వరసకు నా మీద నాకే అసహ్యం వేసింది. రెండో వరస దగ్గర ఆపేశాను.

సభలో సెక్రటరీ మైకు పట్టుకుని, "ఎదుటి మనిషిని కాదనగూడదు, ఊ కొట్టాల అని సారు మనకు నేర్పించినాడు" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నన్ను పైకి పిలిచి, "సారు జ్ఞాపకంగా ఒక చిన్న ఆట ఆడమ్మా, అందరూ నవ్వాల" అన్నాడు.

ఎక్కాను. గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

"నేను ఈ మండపం ఓనరమ్మను" అన్నాను. అతని వైపు తిరిగాను. "ఏమప్పా, రెండో వరస కుర్సీలు దుమ్ముగా ఉండాయి. రోంత తుడ్సు."

అతను మైకు పట్టుకుని నిలబడిపోయాడు. కుర్చీ మీద సారు ఫొటో, దాని దండకు ఎవరో విజిల్ తగిలించారు. ఫ్యాను గాలికి అది అద్దానికి తగిలి టిక్కు టిక్కుమంటోంది. గుడ్డ అతని ముందుకు చాపి, నేను ఆగాను.