ఆడబిడ్డ తెచ్చిన నిప్పు

ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో మేం ఇల్లు కొన్నామంటే, తెలిసినవాళ్ళు శుభాకాంక్షల కంటే ముందు పక్కింటావిడ గురించి హెచ్చరికలు చెప్పారు. ఆవిడ పూజారిణి. క్రైస్తవం రాకముందు ఈ దేశంలో కొలిచిన దేవతలను మళ్ళీ కొలిచే గుంపు ఒకటుంది, దానికి ఆవిడే పెద్ద. పొలాల్లో మంటలు వేస్తుంది, వధూవరుల చేతులకు తాడు కట్టి పెళ్ళిళ్ళు చేస్తుంది, చర్చికి వెళ్ళేవాళ్ళతో స్థానిక పత్రికలో వాదనకు దిగుతుంది. వీధిలో సగంమంది ఆవిడతో మాట్లాడరు. మిగతా సగం ఎవరూ చూడనప్పుడు మాట్లాడతారు. నాకు మాత్రం మొదటి రోజే నచ్చింది. డెబ్బయ్యేళ్ళ మనిషి రబ్బరు బూట్లు వేసుకుని పెరటి గోడ మీదుగా తొంగిచూసి, "మీకెంతమంది దేవతలు?" అని అడిగింది. లెక్క తెలియదన్నాను. "గ్రాండ్! అయితే మనకు పడుతుంది" అంది.

కానీ మహా పట్టింపుల మనిషి. మే ఒకటో తేదీ ఆవిడకు పెద్ద పండగ. ఆ పొద్దున నిప్పుగానీ పాలుగానీ గడప దాటితే ఇంటి అదృష్టం కూడా వాటి వెంటే పోతుందని ఇక్కడి పాత నమ్మకం. కిందటేడు గుంపులో ఒకామె ఆ పొద్దున పొరుగింటికి నిప్పు ఇచ్చిందని, సాయంత్రం ఆమెను పండగ మంట దగ్గరికి రానివ్వకుండా ఈవిడ వెనక్కి పంపేసిందట. ఈ సంగతి అప్పటికి నాకు తెలియదు. మా గృహప్రవేశం ముహూర్తం సరిగ్గా ఆ పొద్దునే పడింది.

అత్తమ్మ కరీంనగర్ నుంచి ఇత్తడి గంజును చీరల మధ్య పెట్టుకుని మరీ తెచ్చింది. మా కొత్త వంటింట్లో ఉన్నదేమో ఇండక్షన్ పొయ్యి. ఇత్తడి గిన్నె పెడితే అసలు ఏమీ పెట్టనట్టే ఉంటుంది దానికి. గంజుకు పసుపు కుంకుమ పెట్టి, పాలు పోసి, బటన్ నొక్కితే కుయ్యిమని ఆరిపోయింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఇంజనీర్లమే. ఒక్కరికీ ముందు తట్టలేదు.

"స్టీలు గిన్నెల పెడదాం అత్తమ్మా" అన్నాను.

"గింత దూరం మోసుకొచ్చింది సూట్‌కేసుల పండవెట్టనీకెనా? పో, నిప్పు తేపో."

పక్క పెరట్లో పొగ లేస్తోంది. పరుగున వెళ్ళి నాలుగు నిప్పులు అడిగాను. పూజారిణి మొహం వాడిపోయింది. "ఇంకే రోజైనా పొయ్యి మొత్తం ఎత్తి ఇచ్చేదాన్ని. ఈ పొద్దున మాత్రం అడక్కు" అంటూ తన నమ్మకం, కిందటేటి సంగతి చెప్పింది. ముహూర్తం దాటిపోతుంటే ఈ చాదస్తమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి రుసరుసలాడాను. అత్తమ్మ నా మీదే లేచింది.

"ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది? శుక్రారం పొద్దూకినంక మనం ఉప్పిస్తమా, పెరుగిస్తమా? అడిగిన నిన్ననాలె." అని కాసేపు ఆలోచించింది. "అయినా పాలు పొంగిచ్చేది ఆడబిడ్డ గద. మన పిల్లనేమో ఆస్ట్రేలియాల ఉన్నది. ఈమెనే ఆడబిడ్డను చేసుకుంటే అయిపాయె. ఇంటి పిల్ల నిప్పు తెస్తే బయిటికి పోయినట్టెట్లయితది?"

కుంకుమభరిణె, పెట్టుపోతలకని తెచ్చిన పచ్చచీర తీసుకుని తనే బయల్దేరింది. వెనకాల నేను దుబాసీని. బొట్టు పెట్టించుకుంటూ పూజారిణి పకపకా నవ్వింది. అత్తమ్మకు అరవై రెండు, కొత్త కూతురికి డెబ్బై! నవ్వు ఆపుకుని పొయ్యి వంక ఒక్క క్షణం చూసి, పారతో నిప్పులెత్తుకుని మా పెరట్లోకి నడిచింది. ఇటుకల మీద గంజు పెట్టాం. పాలు తూర్పుకే పొంగాయి. మా ఆయన గోవిందా అని అరిచిన అరుపుకు వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

సాయంత్రం పొలంలో పండగకు పూజారిణి మమ్మల్నీ తీసుకెళ్ళింది. రబ్బరు బూట్ల మీద ఆ పచ్చచీర. అడిగినవాళ్ళందరికీ సంబరంగా కథంతా చెప్పేసింది. అప్పుడు కిందటేడు వెనక్కి వెళ్ళినామె ముందుకొచ్చి, "అంటే పొద్దున నువ్వూ నిప్పిచ్చావన్నమాట" అంది. "నియమం అందరికీ ఒకటే కదా, ఈవిడా ఇంటికి వెళ్ళాల్సిందే" అని ఎవరో అన్నారు. మా గంజు మూలంగా ఈవిడకు ఏడాదంతా ఎదురుచూసిన సాయంత్రం పోతోంది.

సంగతి విని అత్తమ్మ ఊరుకుంటుందా? "పరాయోళ్ళకిచ్చిందా? తల్లిగారింటికి తెచ్చుకున్నది" అంది గట్టిగా. ఇంగ్లీషులో చెప్పాను. అందరూ నవ్వారు. గండం గడిచిందనుకున్నాను.

కిందటేడు వెనక్కి వెళ్ళినామె మాత్రం నవ్వలేదు. "మా అమ్మ పోయేముందు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్న పొరుగింటి మనిషికే నేను నిప్పిచ్చాను. ఆవిడ నాకేమవుతుందని నన్నెవరూ అడగలేదు."

పూజారిణి మొహం కందిపోయింది. "అడగాల్సింది నేనే. తప్పు చేశాను" అంటూ పండగ మంట వెలిగించడానికి పట్టుకున్న కాగడా ఆమెకు ఇచ్చేసి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇంటి దారి పట్టింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడికి?" అని అరిచింది కాగడా పట్టుకున్నామె. "నేను మాట అడిగాను, నిన్ను పొమ్మనలేదు. ఇది నా ఒక్కదాని వల్ల కాదు, రా."

పూజారిణి ముక్కు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. ఇద్దరూ ఒకే కాగడా పట్టుకుని కట్టెల మీదికి వంగారు. మంట భగ్గున లేచింది.

"కొంగు, కొంగు! జర ఎనుకకు జరుగు బిడ్డా!" అని అత్తమ్మ పొలమంతా దద్దరిల్లేలా అరిచింది.